మక్కల నుంచి టోర్టిల్లా చిప్స్ దాకా: హనుమకొండ వంటింట్లో ఒక ప్రాజెక్టు డైరీ

వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు మక్కలకు కొదవ లేదు. పండిన దాంట్లో పెద్ద వాటా కోళ్ల దాణాకు పోతుంది, కొంత గట్కకూ గారెలకూ గుడాలకూ మిగులుతుంది. మెక్సికో మక్క రొట్టెను (టోర్టిల్లా) ముక్కలుగా కోసి వేపే టోర్టిల్లా చిప్స్ మాత్రం సూపర్ మార్కెట్ ప్యాకెట్లలోనే దొరుకుతాయి. ఇంట్లో చేసుకుందామనుకునేవారికి కనిపించే పద్ధతులు దాదాపు అన్నీ మెక్సికోలోనో అమెరికాలోనో పండే గింజను దృష్టిలో పెట్టుకొని రాసినవి కాబట్టి, వాటిలో చెప్పిన నిమిషాలూ నీళ్లూ మన గింజకు సరిపోవు. ఎక్కడ సరిపోలేదో, ఏం మార్చాల్సి వచ్చిందో, ఎందుకు మార్చానో కొలతలతో సహా ఇక్కడ రాస్తున్నాను. లెక్కలన్నీ 1 కిలో ఎండు మక్కలకు.

వాడిన సామాను: 0.1 గ్రాము దాకా చూపే కిచెన్ స్కేలు, మందం కొలిచే వెర్నియర్ కాలిపర్, 300 డిగ్రీల దాకా చూపే నూనె థర్మామీటర్, 6 లీటర్ల స్టీలు గంజు, చేత్తో తిప్పే ఖీమా మిషన్, పూరీ ప్రెస్, ఇనుప పెనం, లోతైన కడాయి, జల్లిగంటె. స్కేలు, కాలిపర్, థర్మామీటర్, ఖీమా మిషన్ తప్ప మిగతావన్నీ చాలా ఇళ్లలో ఉండేవే. స్కేలు లేకుండా మాత్రం ఈ పని మొదలుపెట్టవద్దు.

మొదటి దశ: గిర్ని పిండి

అందరికీ ముందు తోచేది ఇదే. మక్కలు గిర్నిలో పట్టించి, వేడినీళ్లతో తడిపి, రొట్టె చేసి, ముక్కలు కోసి నూనెలో వేయడం. దీన్ని పూర్తిగా పరీక్షించి పక్కన పెట్టాను.

రొట్టె చేత్తో తట్టినప్పుడు బాగానే వచ్చింది. 1.5 మిల్లీమీటర్ల మందానికి ప్రెస్‌లో ఒత్తితే మాత్రం అంచులన్నీ పగిలాయి. కాల్చి, కోసి నూనెలో వేయగానే మూలలు విరిగి అడుగుకు చేరాయి. రెండో వాయికే నూనె నిండా మడ్డి పేరుకుంది, ఆ మడ్డి మాడి మూడో వాయికి చేదు పట్టింది. పిండిలో మైదా కలిపితే విరగడం తగ్గింది కానీ, నోట్లో వేసుకుంటే అది మైదా చెక్క రుచే తప్ప టోర్టిల్లా చిప్ రుచి కాదు.

కారణం గింజలోనే ఉంది. మక్క పిండిలో గోధుమ పిండికున్న జిగురు లేదు. మెక్సికో ప్రాంతపు ప్రజలు వేల ఏళ్ల కిందటే దీనికి దారి కనుక్కున్నారు. గింజను సున్నపు నీళ్లలో ఉడికించి, రాత్రంతా అందులోనే నానబెట్టి, కడిగి, తడిగానే నూరతారు. ఈ పద్ధతిని నిక్స్‌టమలైజేషన్ అంటారు. సున్నం గింజ పైపొట్టులోని పదార్థాలను కరిగించి జిగురుగా మారుస్తుంది, గింజలోని పిండి కొంతమేర ఉడికి ఉబ్బుతుంది, కాల్షియం ఆ పిండికి పట్టు ఇస్తుంది. అప్పుడే మక్క ముద్ద పల్చగా ఒత్తినా నిలుస్తుంది. చిప్స్‌కు ఉండే ఆ ప్రత్యేకమైన వాసన కూడా సున్నం వల్ల వచ్చేదే.

ఆరోగ్యం మాట కూడా ఇక్కడే చెప్పాలి. మక్కల్లో నియాసిన్ అనే బి విటమిన్ ఉన్నా అది గింజలో బిగుసుకుపోయి ఉంటుంది కాబట్టి మామూలుగా ఉడికిస్తే ఒంటికి పట్టదు. సున్నపు నీళ్లు దాన్ని విడిపిస్తాయి. ఈ పద్ధతి తెలియకుండా మక్కల మీదే బతికిన యూరప్, అమెరికా ప్రాంతాల్లో నియాసిన్ లోపం వల్ల వచ్చే పెల్లాగ్రా రోగం ప్రబలింది. దక్కన్‌లో జొన్న ముఖ్యాహారంగా ఉన్నవారిలోనూ ఆ రోగం కనిపించగా, హైదరాబాద్‌లో పోషకాహార శాస్త్రవేత్త సి. గోపాలన్ బృందం దాని కారణాలను పరిశోధించి 1960లో ఒక వివరణ ప్రచురించింది. ఆ ఊరికి ఇంత దగ్గర్లో మక్కలు వండుతూ సున్నాన్ని వదిలేయడం నాకు సమంజసం అనిపించలేదు.

రెండో దశ: గింజ

ముందుగా ఒక హెచ్చరిక. విత్తనాల దుకాణంలో దొరికే మక్కలు ఎట్టి పరిస్థితిలోనూ వాడవద్దు. వాటికి తెగుళ్ల మందు పట్టించి ఉంటుంది. గింజ మీద గులాబీ రంగో ఎరుపు రంగో కనిపించేది అందుకే, కడిగినంత మాత్రాన ఆ మందు పోదు. దాణా కోసం నిల్వ చేసిన మక్కల్లో బూజు పట్టినవి, ముక్కవాసన వచ్చేవి ఉంటాయి. బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం వేపినా పూర్తిగా పోదు. తెలిసిన రైతు ఇంట్లో, కంకి మీదే బాగా ఎండిన గింజ తీసుకోవడం మేలు. చాటలో చెరిగి, నల్లబడిన గింజలూ పురుగు తొలిచినవీ ఏరేస్తే కిలోకు 30 నుంచి 40 గ్రాములు పోయాయి. తూకం ఏరిన తర్వాతే వేయాలి.

మన దగ్గర ఎక్కువగా పండేది నారింజ పసుపు రంగులో, గాజులా మెరుస్తూ, తల గుండ్రంగా ఉండే గట్టి గింజ. మెక్సికో, అమెరికా పద్ధతుల్లో వాడేది తలమీద చిన్న గుంట పడి, లోపల మెత్తని తెల్లపిండి ఎక్కువగా ఉండే గింజ. ఆ గింజ నీటిని త్వరగా పీల్చుకుంటుంది, మనది మెల్లగా పీల్చుకుంటుంది. ఈ ఒక్క తేడా వల్లే తర్వాతి అంకెలన్నీ మారాయి. పేలాల మక్కలు ఇంకా గట్టివి, స్వీట్ కార్న్‌లో పిండి తక్కువ. రెండూ ఈ పనికి రావు.

ఇప్పటిదాకా లెక్క: ఏరిన మక్కలు 1,000 గ్రాములు, ఖర్చు 30 రూపాయలు.

మూడో దశ: సున్నం

కిలో మక్కలకు 10 గ్రాముల పొడి సున్నం, అంటే గింజ బరువులో 1 శాతం కావాలి. తమలపాకులకు వాడే తినే సున్నం పాన్ డబ్బా దగ్గర ముద్దగా దొరుకుతుంది. రంగూ వాసనా కలపని తెల్ల సున్నమే తీసుకోవాలి. గోడలకు వేసే సున్నం దగ్గరికి కూడా పోవద్దు. ముద్దలో నీరెంతో తెలియదు కాబట్టి 10 గ్రాముల ముద్దను స్టీలు పళ్లెంలో సన్నని సెగ మీద ఎండబెట్టి తూచాను, 5.2 గ్రాములు మిగిలింది. అంటే 20 గ్రాముల ముద్ద వేస్తే 10 గ్రాములకు కాస్త పైన సున్నం చేరుతుంది.

మా అత్తమ్మ పక్కనే ఉండి, "పైన తేటే తీస్కోవాలె బిడ్డా, అడుగుది వద్దు" అన్నది. ఇళ్లలో సున్నపు తేట అలవాటున్నవారు చెప్పే పద్ధతి అదే, అందులో రాళ్లు రావు. ఆ ప్రకారం తేటతో ఒక వాయి ఉడికిస్తే పొట్టు వదలలేదు, గోరుతో గీరినా అంటుకునే ఉంది. లెక్క చూస్తే సంగతి తెలిసింది. సున్నం నీళ్లలో చాలా తక్కువగా కరుగుతుంది, లీటరుకు 2 గ్రాములు కూడా కాదు, నీళ్లు వేడెక్కేకొద్దీ ఇంకా తగ్గుతుంది. 3 లీటర్ల తేటలో 5 గ్రాములకు మించి ఉండదు. గింజ సున్నాన్ని పీల్చుకుంటుంటే అడుగున ఉన్నది కొంచెం కొంచెంగా కరిగి ఆ లోటు భర్తీ చేయాలి. అందుకే అడుగు కూడా కావాలి. రాళ్ల విషయంలో అత్తమ్మ మాట నిజమే కాబట్టి, ముద్దను ఒక గ్లాసు నీళ్లలో కలిపి పల్చని బట్టలో వడగట్టి, ఆ తెల్లని నీళ్లన్నీ గంజులో పోశాను. బట్టలో చిటికెడు ఇసుక మిగిలింది.

ఎక్కువైతే ఏమవుతుందో కూడా చూశాను. 2 శాతం వేస్తే పొట్టు చిటికెలో ఊడింది కానీ ముద్ద ముదురు పసుపు రంగుకు తిరిగి సబ్బు వాసన వచ్చింది. ఆ చిప్స్ చివర్లో నాలుకను పట్టాయి. 1 శాతమే స్థిరం చేశాను.

అల్యూమినియం గిన్నె వాడవద్దు. సున్నం దాన్ని తింటుంది, గిన్నె నల్లబడి ఆ లోహం గింజలోకి చేరుతుంది.

నాలుగో దశ: ఉడికించడం, నానబెట్టడం

చివరికి నిలిచిన పద్ధతి ఇది.

1. గంజులో 3 లీటర్ల నీళ్లు పోసి, వడగట్టిన సున్నపు నీళ్లు కలపాలి.
2. మక్కలు పోసి తేలిన తాలు తీసేయాలి.
3. మధ్యస్థ సెగ మీద తెర్లు వచ్చేదాకా ఉంచి, తర్వాత సెగ తగ్గించి సన్నగా కదులుతూ ఉండేలా 50 నిమిషాలు ఉడికించాలి. పది నిమిషాలకొకసారి అడుగు నుంచి కలపాలి.
4. పొయ్యి ఆపి, మూత పెట్టి 14 గంటలు కదపకుండా ఉంచాలి. ఎండాకాలంలో 12 గంటలు చాలు. అంతకు మించితే పులిసిన వాసన మొదలవుతుంది.
5. నీళ్లు వంపి, చేతులతో రుద్దుతూ కడగాలి.

50 నిమిషాలకు చేరడానికి ముందు రెండు చివరలూ చూడాల్సి వచ్చింది. బయటి పద్ధతుల్లో చెప్పినట్టు 20 నిమిషాలు ఉడికించి 8 గంటలు నానబెడితే గింజ నడుమ సుద్దలాంటి పచ్చి పిండి మిగిలింది. నూరితే ఆ ముక్కలు ఇసుకలా తగిలాయి, రొట్టె అంచులు మళ్లీ పగిలాయి. 90 నిమిషాలు ఉడికించిన వాయి 1,900 గ్రాములు తూగింది. గింజ చిదిమితే మెత్తగా నలిగిపోయింది, ముద్ద ప్రెస్‌కూ చేతికీ అంటుకుంది, వేపాక చిప్స్ నూనె ఓడ్చాయి. 50 నిమిషాల వాయి కడిగి, జల్లెడలో అరగంట వార్చాక 1,560 గ్రాములు తూగింది. అప్పుడు గింజను గోరుతో రెండుగా చీల్చి చూస్తే నడుమ ఆవగింజంత తెల్ల చుక్క మాత్రమే ఉంది. ఆ చుక్క ఉండాలి. పూర్తిగా మాయమైతే ఉడుకు ఎక్కువైనట్టు, సగం గింజ తెల్లగా ఉంటే తక్కువైనట్టు.

ఎంత కడగాలనేది తేల్చడానికి పసుపు కాగితం పనికొచ్చింది. సున్నం తగిలితే పసుపు ఎర్రబడుతుందని పారాణి కలిపే ప్రతి ఇంట్లోనూ తెలుసు. తెల్ల కాగితానికి పసుపు నీళ్లు పూసి ఆరబెట్టి, పట్టీలుగా కోసుకొని, ప్రతి కడుగు తర్వాత ఆ నీటి చుక్క ఒకటి దానిమీద వేశాను. మొదటి కడుగు చుక్క ఇటుక రంగుకు తిరిగింది. రెండో దానికి అంచు మాత్రమే ఎర్రబడింది. మూడో దానికి చుక్క నడుమ పసుపుగానే నిలిచి, చుట్టూ లేత గీత ఒకటి మిగిలింది. అక్కడ ఆపాను. ఇంకా కడిగితే సున్నపు వాసనతో పాటు జిగురు కూడా కొట్టుకుపోయి ముద్ద మళ్లీ పగుళ్లు పట్టింది. పొట్టు మొత్తం ఊడదీయాల్సిన పని లేదు, కొంత ఉంటేనే ముద్దకు పట్టు వస్తుంది.

వంపిన నీళ్లలో సున్నంతో పాటు కరిగిన పొట్టు కూడా ఉంటుంది, కుండీల్లో పోస్తే మొక్కలు వాడిపోతాయి. బాగా నీళ్లు కలిపి మోరీలో పోయాలి.

ఇప్పటిదాకా లెక్క: తడి గింజ 1,560 గ్రాములు. మక్కలు 30, సున్నం 3, గ్యాస్ సుమారు 10, మొత్తం 43 రూపాయలు.

ఐదో దశ: నూరడం

అన్నిటికంటే ఎక్కువ పదార్థం పాడైంది ఇక్కడే. గిర్ని ఆయన ముందే చెప్పేశాడు: "తడి మక్కలు పోస్తే రాయి పట్టేస్తది అన్నా, పొడివి తీస్కరా." ఇసుర్రాయి కూడా పొడి గింజకే. మిక్సీలో నీళ్లు పోయకపోతే గింజ బ్లేడు చుట్టూ తిరుగుతుంది తప్ప నలగదు. నలిగేంత నీళ్లు పోస్తే ముద్ద దోసె పిండిలా జారిపోతుంది. ఇడ్లీ గ్రైండర్‌లో నలిగింది కానీ మరీ మెత్తబడింది. ఆ మెత్తని ముద్దతో చేసిన చిప్స్ నూనెలో పడగానే దిండ్లలా ఉబ్బాయి, చల్లారాక పైపొర వేరై చిట్లింది.

చిప్స్ ముద్ద రొట్టె ముద్దకంటే బరకగా ఉండాలన్నది అప్పుడు అర్థమైంది. బరక పలుకుల మధ్యనుంచి ఆవిరి బయటికి పోతుంది. మెత్తని ముద్దలో దారి లేక లోపలే పొంగుతుంది. అలాగని అంతా బరకే అయితే అతకదు.

ఖీమా మిషన్‌తో ఇది సర్దుకుంది. సన్న రంధ్రాల ప్లేటు పెట్టి గింజనంతా రెండు సార్లు తిప్పాను, నీళ్ల అవసరం రాలేదు. అందులో నాలుగో వంతు తీసి, 120 మిల్లీలీటర్ల నీళ్లతో మిక్సీలో వెన్నలా నూరి తిరిగి కలిపాను. మిగతా నీళ్లు చేత్తో చల్లుకుంటూ పిసికితే మొత్తం 210 మిల్లీలీటర్ల దాకా పట్టింది. 25 గ్రాముల ఉండ చేసి అరచేతుల మధ్య వత్తితే అంచులో సన్నని పగుళ్లు కూడా రాకపోవడమే గుర్తు. పగిలితే చెంచాడు నీళ్లు చల్లాలి. చేతికి పూతలా అంటితే ముద్దను పల్చని బట్ట మీద పరిచి పది నిమిషాలు వదిలేయాలి. తడిబట్ట కప్పి అరగంట ఉంచితే పలుకులు నీళ్లు పీల్చుకొని ముద్ద ఇంకా కుదురుకుంటుంది.

ఇప్పటిదాకా లెక్క: ముద్ద 1,740 గ్రాములు. మిషన్‌లోనూ మిక్సీలోనూ అంటుకుని పోయింది 30 గ్రాములు. 25 గ్రాముల చొప్పున సుమారు 70 ఉండలు.

ఆరో దశ: ఒత్తడం, కాల్చడం

పాల ప్యాకెట్ కవర్లను కడిగి రెండు బిళ్లలుగా కోసి వాటి మధ్య ఒత్తితే ముద్ద అంటదు. 25 గ్రాముల ఉండ 13 సెంటీమీటర్ల వెడల్పుకు సాగితే మందం 1.5 మిల్లీమీటర్లు వస్తుంది. 1 మిల్లీమీటరుకు ఒత్తినవి కవరు నుంచి ఊడేటప్పుడే చిరిగాయి. 2 మిల్లీమీటర్లవి తినడానికి గట్టిగా ఉన్నా కూరలో వేయడానికి మంచివని తర్వాత తేలింది, అందుకే ఒక పది రొట్టెలు ఆ మందానికే ఒత్తుకోవచ్చు. పూరీ ప్రెస్ మడతబందు వైపు మందంగా వస్తుంది. సగం ఒత్తి, రొట్టెను తిప్పి మళ్లీ ఒత్తితే సమంగా ఉంటుంది.

పెనం బాగా కాలాక ఒక వైపు 20 సెకన్లు, రెండో వైపు 40, మళ్లీ మొదటి వైపు 20. జొన్నరొట్టెలా పొంగించాలనే అలవాటు చేతికి ఉంటుంది కానీ ఇక్కడ పొంగనివ్వకూడదు. పొంగిన రొట్టె రెండు పొరలుగా విడిపోతుంది, నూనెలో ఆ పొరల మధ్య నూనె నిలుస్తుంది. పొంగబోతున్నట్టు కనిపించగానే ఫోర్కుతో నాలుగు చోట్ల గుచ్చితే చాలు.

ఒక్కో రొట్టె 25 గ్రాముల ఉండ నుంచి 18.7 గ్రాములకు దిగింది. ఒక రొట్టెను ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర బరువు మారనంత దాకా ఎండబెడితే 11.6 గ్రాములు మిగిలింది. అంటే కాల్చిన రొట్టెలో ఇంకా 38 శాతం నీళ్లున్నాయి. తర్వాతి దశకంతటికీ ఈ అంకే ఆధారం.

ఏడో దశ: ఆరబెట్టడం

కాల్చిన రొట్టెలను వేడిమీదే ఆరు ముక్కలుగా కోసి నేరుగా నూనెలో వేస్తే ఏమవుతుందో ముందు చూశాను. 100 గ్రాముల ముక్కలు వేస్తే 93 గ్రాముల చిప్స్ వచ్చాయి. ఎండు పదార్థం 62 గ్రాములే కాబట్టి, మిగిలిన రెండు గ్రాముల తడి తీసేస్తే 29 గ్రాములు నూనె. చేత్తో పట్టుకుంటే వేళ్లు మెరిశాయి, గంట తర్వాత నడుమ భాగం తోలులా సాగింది. సెగ పెంచినా తగ్గించినా ఇది పెద్దగా మారలేదు. ముక్క నుంచి ఆవిరి పోయిన ఖాళీలోకే నూనె చేరుతుంది కనుక, నీళ్లు ఎక్కువగా ఉన్న ముక్క ఎక్కువ నూనె తాగుతుంది.

దీనికి పరిష్కారం మన ఊళ్లోనే ఉంది. సంక్రాంతికి సకినాలు చుట్టే ఇళ్లలో ఎవరూ వాటిని చుట్టిన వెంటనే నూనెలో వేయరు. నూలు బట్ట మీద చుట్టి, బట్ట తడి లాగేసి సకినం దానంతట అది లేచి వచ్చేదాకా ఆగుతారు. అదే బట్ట, అదే పద్ధతి చిప్స్‌కు తీసుకున్నాను.

ముందు డాబా మీద ఎండలో పెట్టి చూశాను. పైన ఎండి లోపల తడి మిగిలింది, ముక్కలు దోనెల్లా వంగాయి, నూనెలో బొబ్బలు లేచాయి. ఎండ పనికిరాదు. నీడలో, ఫ్యాను కింద, నూలు బట్ట మీద ఒక్క వరుసగా పరిచి, సగం సమయంలో తిరగేస్తే సమంగా ఆరాయి. గడియారం చూసి తీయడం కూడా కుదరదు. మే నెలలో 40 నిమిషాలు సరిపోయింది; మృగశిర కార్తె దాటి వానలు పడ్డాక అదే పనికి మూడు గంటలు పట్టింది. అందుకే బరువే కొలత: ఒక రొట్టె తాలూకు ఆరు ముక్కలకు గుర్తు పెట్టి, అవి 18.7 నుంచి 16.2 గ్రాములకు దిగగానే అన్నీ తీసేయాలి. అప్పుడు తడి 28 శాతం ఉంటుంది.

తీసిన ముక్కలను మూత ఉన్న డబ్బాలో రెండు గంటలు మూసి ఉంచడం తర్వాత చేర్చిన మార్పు. అంచులు పొడిగా, నడుమ తడిగా ఉన్న ముక్కలో ఆ రెండు గంటల్లో తడి సర్దుకుంటుంది. ఈ మార్పు తర్వాత బొబ్బలు దాదాపు పోయాయి.

మరీ ఎక్కువ ఆరితే? 15 శాతం తడికి దించిన వాయి నూనె తక్కువే తాగింది, 18 శాతం లోపే. కానీ అంచులు నడుమకంటే ముందే మాడాయి, కొరికితే గాజు పెంకులా గుచ్చుకుంది. పంటి కింద పొడి పొడిగా విరగడం వేరు, గుచ్చుకోవడం వేరు. 28 శాతం దగ్గరే ఆగాను.

ఇప్పటిదాకా లెక్క: ముద్ద 1,740, కాల్చాక 1,305, ఆరాక 1,128 గ్రాములు. ముక్కలు సుమారు 420. గ్యాస్ ఇంకో 10 రూపాయలు కలిపితే మొత్తం 53.

ఎనిమిదో దశ: వేపడం

ఇక్కడికి వచ్చేసరికి పని చాలావరకు అయిపోయినట్టే. 1940ల చివర్లో లాస్ ఏంజెలెస్‌లో రెబెకా వెబ్ కరాంజా కుటుంబపు టోర్టిల్లా కర్మాగారంలో ఆకారం చెడి పక్కన పడ్డ రొట్టెలను మూడు మూలల ముక్కలుగా కోసి వేపి అమ్మడంతో ఈ చిరుతిండి అమెరికాలో వ్యాపారమైంది. మెక్సికోలో అంతకు ముందు నుంచే మిగిలిన రొట్టెలను వేపి టోటోపోస్‌గా తింటున్నారు. రెండు చోట్లా నూనెలోకి పోయింది ముందే కాలి, చల్లారి, కొంత తడి వదిలిన రొట్టె.

1. కడాయిలో 1 లీటరు పల్లి నూనె పోసి 180 డిగ్రీలకు తేవాలి.
2. ఒక్కసారి 15 ముక్కలు, అంతకు మించకుండా వేయాలి. వేయగానే నూనె 165 దాకా దిగుతుంది. 30 ముక్కలు వేస్తే 150కి దిగి, చిప్స్ జిడ్డు పట్టాయి.
3. జల్లిగంటెతో మెల్లగా కలుపుతూ 60 నుంచి 70 సెకన్లు ఉంచాలి.
4. బుడగలు సన్నబడి, చప్పుడు తగ్గగానే తీయాలి. రంగు కోసం ఆగవద్దు, బయటికి తీశాక కూడా ఒక ఛాయ ముదురుతుంది.
5. జల్లెడలో నిలువుగా పేర్చి నూనె వార్చాలి. కాగితం మీద పరిస్తే కింది వైపు ఆవిరికి మెత్తబడింది.

195 డిగ్రీలు దాటితే అంచు గోధుమ రంగుకు తిరిగేసరికి నడుమ ఇంకా సాగుతూనే ఉంది. ప్రతి మూడు వాయిలకు అడుగున చేరిన పలుకులు తీసేయాలి.

ఆరు ముక్కలు కలిపి 15.3 గ్రాములు తూగాయి. అందులో నూనె 3.4 గ్రాములు, అంటే 22 శాతం. ఆరబెట్టకుండా వేపిన వాయిలో అది 31 శాతం. కిలో మక్కల మీద ఈ తేడా సుమారు 140 గ్రాముల నూనె.

ఇప్పటిదాకా లెక్క: చిప్స్ 1,065 గ్రాములు. తాగిన నూనె 235 గ్రాములు, దాని ఖరీదు సుమారు 46 రూపాయలు. మొత్తం 99 రూపాయలు, వేపడానికైన గ్యాస్ కాక. చేతి పని దాదాపు నాలుగు గంటలు, అందులో సగం రొట్టెలదే.

తొమ్మిదో దశ: ఉప్పు, కారం, నిల్వ

ఉప్పు మిక్సీలో పొడి చేసి, జల్లెడలో ఉండగానే చల్లాలి. చల్లారాక వేస్తే జారిపోతుంది. 100 గ్రాములకు 1.2 గ్రాములు సరిపోయింది. కారానికి చపాటా మిరపను మించింది లేదు. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ వరంగల్ మిరప రంగు ఎక్కువ, ఘాటు తక్కువ, అందుకే చెంచాడు వేసినా మక్క రుచి మరుగున పడదు. వేయించిన జీలకర్ర పొడి దానికి జత. ఎల్లిపాయ కారం తడిది కాబట్టి చల్లకూడదు, పక్కన పెట్టుకొని అద్దుకోవచ్చు.

పూర్తిగా చల్లారాక బిగుతు మూత స్టీలు డబ్బాలో పెడితే వానాకాలంలోనూ వారం కరకరలాడాయి. ఆ తర్వాత ముందు చెడింది కరకర కాదు, నూనె వాసన. మెత్తబడ్డవాటిని ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర ఎనిమిది నిమిషాలు పెడితే తేరుకుంటాయి.

పదో దశ: వంటలో

మెక్సికోలో వేపిన టోర్టిల్లా ముక్కలను పులుసులో వేసి చిలకిలేస్ చేస్తారు. ఇది అన్నిటికంటే త్వరగా చెడే వంట: నిమిషం ఆలస్యమైతే గంజి అవుతుంది. 1.5 మిల్లీమీటర్ల చిప్స్ వేడి పులుసులో 40 సెకన్లకే విడిపోయాయి, 2 మిల్లీమీటర్లవి రెండు నిమిషాలు నిలిచాయి. ప్యాకెట్ చిప్స్‌తో ఈ వంట కుదరకపోవడానికి వాటి పల్చదనమే కారణం.

1. అర కిలో టమాటలు, ఒక ఉల్లిగడ్డ, నాలుగు ఎల్లిపాయ రెబ్బలు పెనం మీద నల్ల మచ్చలు పడేదాకా కాల్చాలి.
2. ఆరు చపాటా మిరపకాయలు గింజలు తీసి వేడినీళ్లలో నానబెట్టి, అన్నీ కలిపి నూరాలి.
3. రెండు చెంచాల నూనెలో ఆ ముద్దను నూనె తేలేదాకా వేపి, నీళ్లు పోసి 400 మిల్లీలీటర్ల పులుసు చేయాలి. ఉప్పు సగమే వేయాలి.
4. పొయ్యి ఆపి, 150 గ్రాముల మందపాటి చిప్స్ వేసి రెండుసార్లు మాత్రమే కలిపి వెంటనే వడ్డించాలి.
5. పైన గడ్డపెరుగు, చిదిమిన పనీర్, పచ్చి ఉల్లిగడ్డ, కొత్తిమీర. కోడిగుడ్డు పొరటు పక్కన ఉంటే ఒక పూట భోజనమే.

చింతపండు పులుసుతో కూడా చేశాను. పులుపు మక్క వాసనను పూర్తిగా కప్పేసింది. టమాట పులుపే దీనికి తగింది.

విరిగిన ముక్కలను రవ్వలా కొట్టి, కొరమీను ముక్కలకు గుడ్డు సొనతో పాటు పట్టించి వేపితే రొట్టె పొడికంటే గట్టి పొర వచ్చింది. ముందే వేగిన రవ్వ కాబట్టి 180 డిగ్రీల దగ్గర అది చేపకంటే ముందు మాడుతుంది. 165 దగ్గర, ముక్క మందం 2 సెంటీమీటర్లు మించకుండా వేపాలి.

డబ్బా అడుగున మిగిలే సన్నపొడి కూడా పారేయాల్సింది కాదు. లీటరు టమాట చారుకు రెండు పెద్ద చెంచాలు, చల్లని నీళ్లలో కలిపి పోసి ఐదు నిమిషాలు మరిగిస్తే చారు చిక్కబడి మక్క వాసన పట్టుకుంటుంది. పొడిని నేరుగా వేడి చారులో వేస్తే ఉండలు కడుతుంది. పొడిలో ఉప్పు ఉంటుంది కనుక చారుకు ఉప్పు అది మరిగిన తర్వాతే చూసి వేయాలి.